అమావాస్య అర్ధరాత్రి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అమావాస్య అర్ధరాత్రి గారికి విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయ కుశలోపరి.

మా పేటలో పెట్టిన దయ్యాల కథల పోటీకి వచ్చిన కథలన్నీ చదివే పని నా నెత్తిన పడింది. ఏ కథ తెరిచినా మొదటి వాక్యంలో మీరే. మీ వెనకే నక్కల ఊళ, కిర్రుమనే తలుపు, తెల్లచీర. ఇంతమంది కలిసి కష్టపడినా నాకు వచ్చింది ఆవలింతే. పైగా కొన్ని కథల్లో సాక్షాత్తు మీ సమక్షంలోనే పండువెన్నెల కాస్తోంది! ఆ రోజు చంద్రుడు సూర్యుడి వెంటే వచ్చి సూర్యుడి వెంటే పోతాడని మీరైనా వాళ్లకు చెప్పకూడదా?

భీమిలి డచ్చి సమాధుల గతి మరీ అన్యాయం. హాలండు నుంచి వర్తకానికి వచ్చి ఇక్కడి మట్టిలోనే కలిసిపోయినవాళ్లు వాళ్లు. ఆ సమాధిలోంచి లేచిన దయ్యానికి కాళ్ల గజ్జెలెందుకు, జడనిండా మల్లెలెందుకు? పగ తీర్చుకోవడానికి వచ్చిందో, పేరంటానికి వచ్చిందో!

కోపగించుకోనంటే ఒక మాట. ఈ ఊరు నిజంగా వణికిన రోజు మీరు దరిదాపుల్లో లేరు. హుద్‌హుద్ తుపాను తీరం దాటింది 2014 అక్టోబరు 12న, ఆదివారం పట్టపగలు. దీపావళి అమావాస్యకు ఇంకా 11 రోజులుంది. తుపాను కన్ను నెత్తిమీదికి వచ్చినప్పుడు గాలి తగ్గిపోతుంది. గండం గడిచిందనుకుని జనం గడియ తీస్తారు. అప్పుడు గాలి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. పాఠకుడి చేత ముందు ఆ గడియ తీయించాలి. మావాళ్లేమో మొదటి పేరాలోనే కెవ్వుమని అరిచి, చివరిదాకా ఆపరు.

అసలు మీకు చేతనైన పని ఒకటుంది, దాన్ని ఒక్కరూ వాడుకోలేదు. మీరు వచ్చే రోజుల్లో సూర్యచంద్రుల లాగుడు ఒక్కటై సముద్రపు పోటు పెరుగుతుంది; జాలరిపేటలో ఎవరిని అడిగినా చెబుతారు. (పౌర్ణమికీ అంతేలెండి, గర్వపడకండి.)

ఒక్క కథ మాత్రం నన్ను పట్టుకుంది. ఎంవీపీ కాలనీ రైతుబజారు నుంచి ఎండలో ఇల్లు చేరిన ఆవిడ చెప్పులు విప్పబోతుంది. గుమ్మం దగ్గర తన చెప్పులే, ఎడమదానికి తాను వేయించుకున్న కుట్టుతో సహా, తడి ఇసుకతో విడిచి ఉన్నాయి. లోపల ఎవరో వంటింట్లో కుక్కరు దించుతున్నారు. అంతే కథ. గుమ్మంలో చెప్పులు విప్పేటప్పుడు నేను ఇప్పటికీ కిందికి చూడను.

అందుకే వచ్చే పోటీలో కథంతా మధ్యాహ్నం రెండు గంటలకే జరగాలని నిబంధన పెట్టించాను. దయచేసి మీరు సెలవు తీసుకోండి. నిబంధన బయటికి రాగానే ఒక రచయిత ఫోను చేశారు: "పంచాంగం ప్రకారం ఆ రోజు మధ్యాహ్నానికే అమావాస్య ఘడియలు వచ్చేస్తే ఫరవాలేదా అండీ?"

ఇట్లు,
మీ సెలవు కోరే పాఠకుడు