ఆ నలుపు వయసుది కాదు

చార్మినార్ నల్లబడటం వయసు ప్రభావమని ఎవరో రాశారు. 1591లో కట్టినదానికి వయసు ఉండదా, ఉంటుంది. కానీ ఆ నలుపులో ఎక్కువ వంతు బండ్ల పొగదే. పైన ఉన్న నగిషీలన్నీ సున్నపు గచ్చువి. పొగలోని గంధకం తేమతో కలిసి ఆమ్లమై, సున్నాన్ని జిప్సం అనే మెత్తటి ఖనిజంగా మారుస్తుంది. అందులో మసి ఇరుక్కుని నల్లటి పెచ్చు కడుతుంది, ఆ పెచ్చు ఒకనాటికి ఊడుతుంది. 2019 మే నెలలో ఒక మినారు నుంచి గచ్చు ముక్క రాలినప్పుడు అందరూ వాన మీదికే నెట్టారు.

చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టీ బజారులో ఒక బట్టల దుకాణంలో పదకొండేళ్లు లెక్కలు రాశాను. ఉదయం తుడిచిన గాజు బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయవచ్చు. అది కనబడే దుమ్ము, తుడుస్తాం. కనబడనివి 2.5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అంతకన్నా చిన్న రేణువులు; వాటిలో మరీ చిన్నవి ఊపిరితిత్తులు దాటి రక్తంలోకే పోతాయి. ఘనపు మీటరు గాలిలో ఈ రేణువులు ఏడాది సగటున 5 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, మన దేశ ప్రమాణం 40 దాకా ఫరవాలేదంటోంది. మనకు ఊపిరితిత్తులు ఎనిమిదింతలు గట్టివి కాబోలు!

కట్టడం చుట్టూ బండ్లు ఆపామని సంబరపడుతున్నారు. ఆ బండ్లే దగ్గర్లోని మదీనా కూడలిలో ఇంజన్లు ఆపకుండా నిలబడితే, ఆ పొగ ఇటు రాకుండా ఎవరు ఆపుతారు?