కాగితం భద్రం, పౌరుడు బయట

ప్రభుత్వ సమాచారాన్ని గ్రంథాలయాల ద్వారా ప్రజలకు చేరవేయాలని ఈ మధ్య కొందరు గట్టిగా మాట్లాడుతున్నారు. మంచివాళ్లే, చదువుకున్నవాళ్లే. కానీ వీళ్లలో ఒక్కరూ కడప జిల్లాలో పొలం కాగితాల కోసం తిరిగినట్టు లేరు. తిరిగుంటే, సమాచారం ఎంత జాగ్రత్తగా కాపాడుకోవాల్సిన సొత్తో, దాన్ని కాపాడటానికి ఎంతమంది ఉద్యోగులు ఎన్ని గదుల్లో ఎన్నేళ్లుగా కష్టపడుతున్నారో తెలిసేది. అంత కష్టాన్నీ బూడిదలో పోసే ప్రతిపాదన ఇది. బాధ్యత గల పౌరుడిగా దీన్ని ఖండిస్తున్నాను.

ముందు చట్టం సంగతి చూద్దాం. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది. దాని నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం, ఎవరూ అడగకముందే, 17 రకాల వివరాలు తనంతట తానే బయటపెట్టాలి. బడ్జెట్ ఎంత, ఎక్కడ ఖర్చయింది, సబ్సిడీ ఎవరికి అందింది, ఏ అధికారి జీతమెంత, ఇలా. అదీ స్థానిక భాషలో, జనానికి బాగా చేరే పద్ధతిలో. ఈ 17లో పదిహేనోదాంట్లో గ్రంథాలయం ప్రస్తావన ఉంది. ఆశగా చదివితే అక్కడున్నదేమిటి? సమాచారం పొందడానికి పౌరులకున్న సౌకర్యాలు చెప్పాలట. ప్రజల కోసం లైబ్రరీ గానీ రీడింగ్ రూమ్ గానీ నడుపుతుంటే దాని పనివేళలతో సహా. గోడ మీద పెయింటుతో రాసిన వేళలు మన ఊళ్లో ప్రతి లైబ్రరీకీ ఉన్నాయి. చట్టంలో గ్రంథాలయం పేరెత్తి అడిగింది అదొక్కటే, దాన్ని మనం పూర్తి చేశాం. ఇంకేం కావాలంటారు?

అయినా వినరు. సరే, ఈ సంస్కర్తలు కోరుకున్నట్టే జరిగిందనుకుందాం. జమ్మలమడుగు వైపు నుంచి ఒక రైతు పొద్దున్నే బస్సు దిగి లైబ్రరీ మెట్లెక్కుతాడు.

"సామీ, మా చేను ఇరవై రెండు ఏలో పడిందంట. ఆ లిస్టు ఈడేమన్నా చూసుకోవచ్చునా?"

"ఇక్కడ నవలలుంటాయి పెద్దాయనా. పేపర్లుంటాయి, డీఎస్సీ పుస్తకాలుంటాయి. లిస్టులయితే రిజిస్ట్రాఫీసులో అడుగుపో."

ఇది ఇప్పుడు జరిగే సంభాషణ. ఇద్దరూ మర్యాదగానే ఉన్నారు, రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఇదే లైబ్రరియన్ చేతిలో నిజంగా ఆ జాబితా ఉంటే ఏమయ్యేది? రైతు కూర్చునేవాడు. సర్వే నంబరు వెతుక్కునేవాడు. తనది కాక పక్కవాళ్లవి కూడా చూసేవాడు. సాయంత్రానికి ఊరంతా పాకేది.

తెలియనివాళ్లకు చెబుతున్నాను. 22ఏ అంటే రిజిస్ట్రేషన్ చట్టంలో ఒక సెక్షన్. దానికింద నిషేధ జాబితాకెక్కిన భూమికి రిజిస్ట్రేషన్ జరగదు. ఆ సంగతి చాలామంది రైతులకు తెలిసేది ఎప్పుడంటే, కూతురి పెళ్లికి రెండెకరాలు బేరం పెట్టి, అడ్వాన్సు తీసుకుని, సాక్షుల్ని వెంటేసుకుని, కొన్నవాళ్ల కారులోనే రిజిస్ట్రాఫీసుకు పోయాక. కంప్యూటర్ ముందున్నాయన తలెత్తకుండా "ఇది కాదండీ, నిషేధంలో ఉంది" అంటాడు. ఇంటర్వెల్ ముందు ట్విస్టు లేకపోతే మనవాళ్లకు సినిమా రుచించదని ప్రభుత్వానికి తెలుసు. జాబితాను మండలానికొక లైబ్రరీలో పెట్టి ఈ ఉత్కంఠనంతా చెడగొట్టడం న్యాయమా? వెబ్‌సైటులో చూసుకోవచ్చు కదా అంటారు. చూసుకోవచ్చు, సర్వే నంబరు సబ్ డివిజన్‌తో సహా గుర్తుండి, ఆ వంకర అక్షరాల పరీక్ష దాటి, సర్వర్ కూడా ఆ పూట ఓపిగ్గా ఉంటే.

ఇంతకీ నాలుగు తరాలుగా దున్నుకుంటున్న చేను ఆ జాబితాలోకి ఎట్లా పోయింది? సీమలో చాలాచోట్ల దీనికి కారణం చుక్కలు. తెల్లదొరల కాలంలో భూముల రీసెటిల్‌మెంట్ చేసినప్పుడు ఆర్‌ఎస్‌ఆర్ అనే రిజిస్టరు రాశారు. అందులో పట్టాదారు పేరు రాయాల్సిన గడి ఒకటుంది. పేరు తేలని చోట గుమాస్తా చుక్కలు పెట్టి కింది వరుసకు పోయాడు. నిజంగా ఎవరిదో తెలియకే పెట్టాడా, ఎండకు తాళలేక తర్వాత రాద్దామనుకున్నాడా, ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు లేరు. ఆయన పోయాడు, ఆయన దొరలు పోయారు, చుక్కలు మాత్రం ఉద్యోగంలోనే ఉన్నాయి. చుక్కల భూములని వాటికి పేరు కూడా స్థిరపడింది. వాటి కోసం 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది: 12 ఏళ్ల అనుభవం రుజువు చేసుకుంటే చుక్కల స్థానంలో పేరెక్కించాలని. ప్రభుత్వం రాసిన రాతలకు చట్టాలు రావడం మామూలే. రాయనిదానికి చట్టం తెప్పించిన ఘనత ఆ గుమాస్తాదే.

ఇప్పుడు ఆ ఆర్‌ఎస్‌ఆర్ నకలు ఒకటి మండల గ్రంథాలయంలో బల్ల మీద పెడితే జరిగే అనర్థం ఊహించండి. ఏ ఊళ్లో ఎన్ని చుక్కలున్నాయో ఎవరైనా లెక్కపెట్టొచ్చు. ముసలివాళ్లు వచ్చి "ఇది ఫలానా వాళ్ల తాతది, ఆ బాయి తవ్వించింది వాళ్లే" అని సాక్ష్యం చెబుతారు. పని తొందరగా అయిపోతుంది. అప్పుడు తాసిల్దారు ఆఫీసు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు, బాండు పేపర్లమ్మే ఆయన, దస్తావేజు రాసే ఆయన, రెండు టీకొట్లు, "నేను చూసుకుంటాలే అన్నా" అని భుజమ్మీద చేయేసే మధ్యవర్తి, వీళ్లంతా ఏం తిని బతకాలి? వానల్లేని జిల్లాల్లో ఏటా పండే పంట ఇదొక్కటే. దాని మీద లైబ్రరీని తోలతారా?

పైగా మన గ్రంథాలయాలకు తీరికెక్కడిది? కడప, అనంతపురం, కర్నూలు ఏ ఊళ్లో చూసినా రీడింగ్ హాలు నిండా గ్రూప్స్‌కూ, డీఎస్సీకీ చదివే పిల్లలు. టిఫిన్ డబ్బా, నీళ్ల బాటిల్, తొందరగా వచ్చి పట్టుకున్న కుర్చీ. సమాచార హక్కు చట్టంలో స్వచ్ఛందంగా వెల్లడించాల్సిన అంశాలెన్ని అని అడగండి, 17 అని నిద్రలో లేపినా చెబుతారు. ఆ 17లో ఒక్కటీ ఆ హాల్లో లేదని గమనించే టైమ్ వాళ్లకు లేదు. అది సిలబస్‌లో లేదు.

లైబ్రరీలో ప్రభుత్వ సమాచారం బొత్తిగా లేదనడం కూడా అబద్ధమే. దినపత్రికలున్నాయి కదా. టెండరు నోటీసు, భూసేకరణ ప్రకటన, పథకం పుట్టినరోజుకు ఫుల్ పేజీ ఫోటో. ఆ ప్రకటన వేయించడానికి ప్రభుత్వం పత్రికకు డబ్బు కడుతుంది. ఆ పత్రిక తెప్పించడానికి గ్రంథాలయం మళ్లీ డబ్బు కడుతుంది. జనం సొమ్ముతోనే రెండుసార్లు కొన్న సమాచారాన్ని జనం ఉచితంగా చదువుకుంటున్నారు. మన మండలం కరువు జాబితాలో ఉందా లేదా అన్న సంగతి అనంతపురం రైతుకు ఈ దారిలోనే తెలుస్తుంది, జిల్లా పేజీ అంతకుముందే ఎవరూ చించుకుపోకపోతే.

అమెరికాలో ఇలా కాదని మా మేనల్లుడు ఫోన్లో చెబుతుంటాడు. అక్కడ ప్రభుత్వం వేసిన నివేదికలు, చట్టాలు, లెక్కలు ఎంపిక చేసిన లైబ్రరీలకు ఉచితంగా పంపే ఏర్పాటుందట. దాని మూలాలు 1813 దాకా పోతాయి. 1895 నాటి ముద్రణ చట్టంతో ఒక రూపానికొచ్చింది. దేశం మొత్తం మీద వెయ్యికి పైగా లైబ్రరీలు ఇందులో ఉన్నాయి. ఒకటే షరతు: తీసుకున్న లైబ్రరీ ఏ పౌరుడొచ్చి అడిగినా పైసా తీసుకోకుండా చూపించాలి. వినడానికి బాగానే ఉంది. అంత తేలిగ్గా దొరికే కాగితానికి ఏం విలువుంటుందో నాకైతే అర్థం కాలేదు.

మన దగ్గరా అలాంటిది లేకపోలేదు. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కాపీ కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీల్లోని నాలుగు గ్రంథాలయాలకు పంపాలి. ప్రభుత్వ ప్రచురణలకూ ఇది వర్తిస్తుంది, కేవలం ఆఫీసు వాడకానికి ఉద్దేశించినవి మినహా. ఆ మినహాయింపు ఎంత సౌకర్యమో ఆఫీసులో పనిచేసినవాళ్లకు తెలుసు. మిగిలిన కాగితానికి కడపవాడికి అన్నింటికన్నా దగ్గర చెన్నైలోని కన్నెమరా లైబ్రరీ. ఎగ్మూరులో దిగి అడిగితే ఎవరైనా చెబుతారు. 1953 అక్టోబరులో మద్రాసు నుంచి విడిపోయి కర్నూలును రాజధాని చేసుకున్నాం, మూడేళ్లకు దాన్నీ హైదరాబాదుకు అప్పజెప్పాం, ఇన్ని ఊళ్లు మారినా పుస్తకాల లెక్కలో మాత్రం మద్రాసుకు విధేయులుగానే మిగిలాం. ఆ కర్నూల్లోనే పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో పత్రికలో రాసిన రాతకు జైలుకు పోయాడు, ఆ తర్వాత జీవితంలో పెద్దభాగం ఊరూరా గ్రంథాలయాలు రావాలని తిరిగాడు. ఇప్పుడుంటే ఆయనకు ఆ శ్రమ ఉండేది కాదు. గ్రంథాలయాలున్నాయి, ఎవరినీ జైలుకు పంపించగల సమాచారం వాటిలో లేదు.

"ఇది డిజిటల్ కాలం, కాగితాలెందుకు" అనేవాళ్లతో నాకు పేచీ లేదు, వాళ్లు నా పక్షమే. 2021లో మన రాష్ట్రంలో మొదట నంబరు తప్ప విషయం లేని ఖాళీ జీవోలు వెబ్‌సైటులో కనిపించాయి. చుక్కలు పెట్టిన గుమాస్తా వారసులు బాగా చదువుకుని పైకొచ్చారని సంతోషించాను. ఆ ఆగస్టులో జీవోలు అక్కడ పెట్టడమే ఆపేశారు. 2024లో మళ్లీ మొదలుపెట్టారు. ఎంత నీటుగా జరిగిపోయిందో చూడండి: ఒక మాట అనుకుంటే చాలు, పదమూడు జిల్లాల్లో ఒకేసారి చీకటి. అదే ప్రతి జీవో అచ్చు కాపీ మదనపల్లెలోనూ, ఆదోనిలోనూ, హిందూపురంలోనూ బీరువాల్లో ఉండి ఉంటే? ఆ బీరువాలన్నింటికీ మనుషుల్ని పంపాలి, టీఏలు, డీఏలు. ఇక ఆ జీవోలు ఇంగ్లీషులో ఉంటాయని సణిగేవాళ్లు కొందరు. 1966లోనే తెలుగును అధికార భాషగా చట్టం చేసుకున్నాం కదా అంటారు. చేసుకున్నాం. ఆ చట్టం కూడా ఎక్కడో భద్రంగానే ఉంది.

అయినా ఇంత తొందరెందుకు? మన జిల్లాకు ప్రభుత్వ సమాచారం అసలు రాలేదా? వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో, దత్త మండలాలనే ఈ సీమ జిల్లాలు ఈస్టిండియా కుంపిణీ చేతికొచ్చిన కొత్తల్లో, కుంపిణీ సర్వేయరు కర్నల్ మెకంజీ మనుషులు మన పల్లెలు తిరిగి ఊరి పుట్టుక, గుడి, చెరువు, మాన్యాలు, పాలెగాళ్ల గొడవలు అన్నీ రాసుకుపోయారు. అవే కైఫియత్తులు. మెకంజీ 1821లో పోయాడు. ఆ రాతలు మద్రాసు చేరాయి. మన తాతలు చెప్పిన మాటలు పుస్తకాలై కడప ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయం నుంచి ఈ శతాబ్దంలో వెలువడ్డాయి. అంటే మాట ఇక్కడి నుంచి పోయి అచ్చులో తిరిగి రావడానికి పట్టింది సుమారు రెండు వందల ఏళ్లు. ఈ లెక్కన ఈ ఖరీఫ్ కరువు మండలాల జాబితా 2225 ప్రాంతంలో మన లైబ్రరీకి చేరాలి. సంపాదకుడి పీఠికతో, గుడ్డ బైండింగుతో వస్తుంది. ఇన్‌పుట్ సబ్సిడీ కూడా దాదాపు అప్పటికే పడుతుంది కాబట్టి రెండూ కలిసొస్తాయి.

ఇంత చెప్పినా సంస్కరణ జరిగి తీరాల్సిందేనంటే, నాదొక రాజీ సూచన. 22ఏ జాబితా, ఆర్‌ఎస్‌ఆర్ నకలు, పంచాయతీ పద్దులు, పంట నష్టపరిహారం లబ్ధిదారుల పేర్లు, అన్నీ తెలుగులో తెచ్చి గ్రంథాలయంలోనే పెట్టండి. కానీ అద్దాల బీరువాలో, తాళం వేసి. వెన్ను మీద పేరు కనిపిస్తుంది, లోపలిది కనిపించదు. కథల పుస్తకాలతో మనకు ఈ పద్ధతి బాగా అలవాటే. ఎవరైనా మరీ పట్టుబడితే దరఖాస్తు పెట్టుకోమనండి: గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది, 30 రోజుల గడువు. చదవడానికి నెల ఆగగలిగినవాడే నిజమైన పాఠకుడు.

మరి ఇదంతా చేయడానికి డబ్బేది అని అడగొచ్చు. ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను. ఊళ్లో ప్రతి ఇల్లూ కడుతోంది, లైబ్రరీ ఎక్కడుందో తెలియనివాళ్లతో సహా. మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల వసూలు దాకా చక్కగా జరుగుతుంది. ఆ తర్వాత ఆ సొమ్ము కూడా రెఫరెన్స్ విభాగంలోకి పోతుంది: అక్కడే చూసుకోవచ్చు, బయటికివ్వరు. బకాయిల గురించి గ్రంథాలయ సంస్థలు ఉత్తరాలు రాస్తూనే ఉంటాయి.

కాబట్టి బీరువాలో పెట్టే మొదటి కాగితంగా ఆ పద్దునే పెట్టమని కోరుతున్నాను. ఏ మున్సిపాలిటీ ఎంత వసూలు చేసింది, ఎంత కట్టింది, ఎంత ఉంచుకుంది. ఒక్క పేజీ చాలు. దానికి పాఠకులు రారేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. ఈ నెల పేపర్ బిల్లు ఎట్లా కట్టాలా అని కూర్చున్న లైబ్రరియనే రోజూ పొద్దున తలుపు తీయగానే చదువుతాడు.