సీ లైబ్రరీ గారికి, చెరువు గట్టు మీంచి

మహారాజశ్రీ గ్లిబ్‌సీ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు కుశలమే, మా రొయ్యలకే ఆయాసం. లినక్స్‌లో మా సీ ప్రోగ్రాములకీ, మెషీన్ని నడిపే కెర్నెల్‌కీ మధ్య రాయబారులు తమరే కదా, అందుకే ఈ మొర.

మా ఉండి ఊళ్లో నిన్నంతా ముసురు. మావయ్య గారి మోటారు షెడ్డులో మధ్యాహ్నం కూర్చున్నవాణ్ణి దీపాలవేళకి లేచానండి. చెరువు నీళ్లలో ఆక్సిజన్ కనిపెట్టే ప్రోగ్రాం నాది. నాలుగు చెరువులు, చెరువుకో థ్రెడ్డు, అంటే ఒకే ప్రోగ్రాంలో విడిగా నడిచే పాయ. ఇంటెల్ లాప్‌టాప్‌లో బుద్ధిగా నడిచిన ప్రోగ్రాం, గట్టు మీది ఆర్మ్ (వేరే రకం ప్రాసెసర్) బోర్డు ఎక్కగానే నాలుగింటికీ ఒకటే నంబరు పెట్టింది: మైనస్ 1. డీవో, అదే నీటిలో కరిగిన ఆక్సిజన్, 3కి పడిపోయిందంటోంది లాగ్. "ఏ చెరువులోరా?" అంటారు మావయ్య. మైనస్ ఒకటో చెరువులోనని చెప్పనా? ఆయన తిట్టుకుంటూ నాలుగింట్లోనూ ఏరియేటర్లు (నీటికి గాలి కలిపే మోటార్లు) వేసేశారు. కరెంటు బిల్లు తమరి పేర రాయించమంటారా?

చివరికి దొరికింది. నా పాత కోడులో సిస్‌కాల్ (కెర్నెల్‌ని నంబరుతో పిలిచే పిలుపు) 186. ఇంటెల్ 64 బిట్‌లో అది గెట్‌టిడ్, థ్రెడ్డు నంబరు చెబుతుంది. ఆర్మ్ 64లో 186 అంటే ఎంఎస్‌జీగెట్, ప్రోగ్రాములు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే మెసేజ్ క్యూ వ్యవహారం. గెట్‌టిడ్ ఉండేది 178లో. పాలకొల్లు వియ్యంకుడి ఇంటి నంబరు పట్టుకుని నరసాపురంలో తలుపు కొట్టానన్నమాట. "లేదు పొండి" అన్నారు. ఆ లేదే నా మైనస్ 1.

186 బదులు ఎస్‌వైఎస్ గెట్‌టిడ్ అని పేరుతో రాసుంటే ఏ ప్రాసెసర్‌కి ఆ నంబరు పడేదిగా అంటారు. పడేదండి, తప్పు నాదే. అసలు తమరి ఫంక్షన్ లేక, సిస్‌కాల్ అనే దొడ్డిదారిన వెళ్లాల్సిన ఖర్మ ఎందుకు పట్టింది? కెర్నెల్‌లో గెట్‌టిడ్ వచ్చింది 2001లో. తమరు మామూలు ఫంక్షన్‌గా ఇచ్చింది 2019లో, తమరి 2.30 వెర్షన్‌లో. 2001లో పుట్టిన పిల్లాడికి అప్పటికి ఓటొచ్చేసింది! రెండు లైన్ల పనికి పద్దెనిమిదేళ్లా? ఇంకా ఆ ఎర్నో (తప్పుకి కారణం విడిగా దాచే చోటు) ఒకటి, ఇక్కడ తప్పు, కారణం పక్కింట్లో వెతుక్కో.

సరే, కోపంలో అన్నీ అనకూడదు. డేటా రాసే "రైట్" కాల్ నంబరు ఇంటెల్ 64 బిట్‌లో 1, 32 బిట్‌లో 4, ఆర్మ్ 64లో 64. నేనెప్పుడూ పట్టించుకోలేదు, తమరే చూసుకున్నారు. ఆర్మ్ 64లో ఫైలు తెరిచే ఓపెన్ అనే సిస్టమ్ కాలే లేదట, ఇన్నాళ్లూ గుట్టుగా ఓపెన్‌యాట్‌తో నెట్టుకొచ్చారట. కొత్త ప్రాసెస్‌ని పుట్టించే ఫోర్క్‌దీ అదే కథ, లోపల పిలిచేది క్లోన్ అనే కాల్‌ని. ఇంత ఓర్పున్నవారు గెట్‌టిడ్ దగ్గరే ఎందుకండీ బిగుసుకుపోయారు?

రాత్రి ఆ 186 తీసేసి గెట్‌టిడ్ అని రాశాను. నాలుగు చెరువులకీ నాలుగు వేరే నంబర్లు పడ్డాయి. గొప్పగా చూపించబోతే మావయ్య కళ్లజోడు సవరించుకుని, "తూర్పు చెరువు, పడమటి చెరువు అని రాసుకోలేకపోయావట్రా?" అన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు