రిపోర్టులు నార్మల్, మనిషి కాదు

గుండె దడ అంటే ఈసీజీ, టూడీ ఎకో. ఛాతీలో మంట అంటే ఎండోస్కోపీ. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర మొదలైన ఫైలు పట్నంలో కార్పొరేట్ ఆస్పత్రికి చేరేసరికి లావెక్కిపోతుంది. చివరికి డాక్టర్‌గారు 'అన్నీ నార్మలే, టెన్షన్ తగ్గించుకోండి' అని పంపేస్తారు. అలా బయటికొచ్చేవాళ్ళలో కొందరిది జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ (జీఏడీ), అంటే దేని గురించైనా అదుపులేకుండా ఆందోళన పడే జబ్బు. వాళ్ళకు వైద్యం మొదలుపెట్టాల్సిన చోటే మనం ఫైలు మూసేస్తున్నాం.

టెన్షన్ ఎవరికి లేదంటారా? పరీక్షల కంగారు పరీక్షలతో పోతుంది. ఇది పోదు, విషయం మారుస్తుంది. కొడుకు ఫోన్ ఎత్తకపోతే యాక్సిడెంటేమోనని భయం. ఎత్తాక, వాడి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందోనని. అర్ధరాత్రి మెలకువొస్తే, ఈ కడుపునొప్పి క్యాన్సరేమోనని. ఇలాంటి అదుపులేని ఆందోళన 6 నెలలపాటు ఎక్కువ రోజులు ఉండి, పనులకు అడ్డొస్తుంటే జబ్బు కిందే లెక్క. దానికి తోడు కుదురులేకపోవడం, నీరసం, ధ్యాస నిలవకపోవడం, చిరాకు, కండరాలు బిగుసుకోవడం, నిద్రలేమి, వీటిలో కనీసం 3 ఉండాలి. వీటిలో చాలావరకు ఒంటి బాధలే కాబట్టి మనవాళ్ళు 'నరాల బలహీనత' అనుకుని బలం మందులు మింగుతుంటారు.

థైరాయిడ్ ఎక్కువైనా దడే వస్తుంది కాబట్టి రక్తపరీక్ష చేయించాల్సిందే. దాంతోపాటు 2006లో వచ్చిన జీఏడీ-7 అనే, ఆందోళన ఎంతుందో కొలిచే ఏడు ప్రశ్నల కాగితం కూడా ఇవ్వొచ్చు కదా! ఓపీ బయట కూర్చున్నప్పుడే నింపొచ్చు, ఖర్చూ లేదు. 21 మార్కులకు 10 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే జబ్బు ఖాయమని కాదు, డాక్టర్ ఇంకాస్త లోతుగా అడగాలని.

మందుల దగ్గర అసలు చిక్కు ఉంది. ఆందోళనను వెంటనే అణిచే ఆల్ప్రజోలం అనే మాత్ర వేసుకున్న గంటలోపే మనసు తేలికపడుతుంది. చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 మందే అయినా, పాత స్ట్రిప్ చూపిస్తే ఇచ్చే షాపులున్నాయి. నెలలు గడిచేసరికి అది లేనిదే నిద్ర రాదు. ఆందోళనకూ డిప్రెషన్‌కూ రోజూ వాడే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి మందులు అలా అలవాటు చేయవు కానీ, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కొందరికి కంగారు ఇంకా పెరగడం కూడా మామూలే. ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోవడం వల్ల ఎందరో నాలుగో రోజే 'పడలేదు' అని మానేస్తారు. తగ్గాక కూడా నెలల తరబడి వాడాలి, ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

మందుతో సమానంగా పనిచేసేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనల తీరునూ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం. వారానికో సిట్టింగ్ చొప్పున మూడు నాలుగు నెలలు పడుతుంది. జిల్లాల్లో అది చేసే సైకాలజిస్టులు దొరకడమే కష్టం. 2022లో మొదలైన టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు, మొదటి అడుగుకు అది చాలు. డబ్బు సంగతికొస్తే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ఒంటి జబ్బులకిచ్చే బీమానే మనసు జబ్బులకూ ఇవ్వమంది. కానీ మన పాలసీలు ఎక్కువగా ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. ఈ జబ్బుకు దాదాపు ఎప్పుడూ మంచం అక్కర్లేదు, మొత్తం ఓపీ వైద్యమే.