రోమన్ జనం నోరు మూసుకుని బతకలేదు

ఈ మధ్య ఒక మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "పాత రోమ్‌లో చక్రవర్తి పేరెత్తాలంటేనే సామాన్యులు వణికేవాళ్లు. ఒక్క మాట జారితే సింహాల పాలే. బతికుండగానే అతన్ని దేవుడని నమ్మేవాళ్లు. రొట్టె, ఆటలు దొరికితే చాలు, ఇంకేమీ పట్టేది కాదు. అందుకే రోమ్ తగలబడుతుంటే నీరో ఫిడేలు వాయించినా ఎవరూ నోరెత్తలేదు." ఇందులో ప్రతి వాక్యం ఆ జనానికి అన్యాయం చేసేదే. చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఆ వణుకు సంగతి. భయం లేదని నేననను. బానిసగా బతికి బయటపడ్డ తత్వవేత్త ఎపిక్టెటస్ ఒక మోసం గురించి హెచ్చరించాడు. మామూలు బట్టలేసుకున్న సైనికుడు మీ పక్కన కూర్చుని తానే చక్రవర్తిని తిట్టడం మొదలుపెడతాడు. మనవాడే కదా అని మీరూ మనసులో ఉన్నది కక్కేస్తారు. వెంటనే సంకెళ్లు పడతాయి. రెండర్థాలు వచ్చేలా ఒక పంక్తి రాసినందుకు కలిగులా అనే చక్రవర్తి ఒక నాటక రచయితను అందరి ముందూ బతికుండగానే తగలబెట్టించాడు. ఇవన్నీ నిజమే. కానీ రాజద్రోహం కేసుల్లో ఎక్కువగా ఇరుక్కున్నది సెనేట్ అనే పెద్దల సభలో ఉండే సెనేటర్లు, ఆస్తిపరులు. నేరం రుజువైతే వాళ్ల ఆస్తిలో నాలుగో వంతు ఫిర్యాదు చేసినవాడికి దక్కేది. చెప్పులు కుట్టుకునేవాడి మీద ఫిర్యాదు చేస్తే ఏం వస్తుంది?

చెప్పులు కుట్టేవాడని ఊరికే అనలేదు. అదే కలిగులా ఒకరోజు జూపిటర్ దేవుడి వేషం వేసుకుని, ఎత్తైన వేదిక మీద కూర్చుని జోస్యాలు చెబుతున్నాడు. గాల్ దేశం నుంచి వచ్చిన ఒకతను చూసి నవ్వాడు. కలిగులా అతన్ని దగ్గరికి పిలిపించి, "నేను నీకెలా కనిపిస్తున్నాను?" అని అడిగాడు. "పెద్ద బడాయిలా" అన్నాడతను. అతనికేమీ కాలేదు. ఈ సంగతి రాసిన చరిత్రకారుడు కాసియస్ డియో స్వయంగా సెనేటర్. ఆ నవ్వినవాడు చెప్పుల పనివాడు కాబట్టే బతికిపోయాడని, పెద్ద హోదా ఉన్నవాళ్లు అంటే ఓర్చుకోలేని మాటను ఇలాంటివాళ్లు అంటే ఓర్చుకుంటారని డియో రాశాడు.

ఇక గుంపులో ఉంటే చెప్పనే అక్కర్లేదు. క్రీ.పూ. 46లో సేనాని జూలియస్ సీజర్ గాల్ విజయోత్సవం జరుపుకుంటుంటే అతని సైనికులే రథం వెంట నడుస్తూ, "పట్నం వాళ్లూ, మీ పెళ్లాలను దాచుకోండి, బట్టతల రంకుగాణ్ణి తెస్తున్నాం" అని పాడారు. క్రీ.శ. 37లో చక్రవర్తి టైబీరియస్ పోయాడన్న వార్త వినగానే "టైబీరియస్‌ను టైబర్‌లో పడేయండి" అని వీధుల్లో అరుస్తూ పరుగెత్తారు. అక్కడ అది నదిలో పారేయమనే మాటే కాదు, చెవికి ఇంపైన ప్రాస కూడా. కుండకు మూకుడు ఉంటుంది గానీ లోకం నోటికి ఉండదని మన పెద్దలు అన్నది రోమ్‌కూ సరిపోతుంది.

దేవుడని నమ్మారన్నది రెండో మాట. తూర్పు రాష్ట్రాల్లో బతికున్న చక్రవర్తులకు గుళ్లు కట్టిన మాట వాస్తవం. రోమ్ నగరంలో మాత్రం మామూలుగా చనిపోయాకే, సెనేట్ తీర్మానిస్తేనే దేవుడు. అసలు ఆ వేషాలను జనం ఎలా చూశారో ఒక్క సంగతి చాలు. మొదటి చక్రవర్తి అగస్టస్ ఇంకా ఆక్టేవియన్ అనే పేరుతో ఉన్న రోజుల్లో, ఊరంతా తిండిగింజలు దొరక్క అల్లాడుతుంటే, పన్నెండు మంది దేవుళ్ల వేషాల్లో రహస్యంగా విందు చేసుకున్నారని, అందులో అతను అపోలో అని పొక్కింది. మర్నాడు జనం "గింజలన్నీ దేవుళ్లే తినేశారు" అని కేకలు పెట్టారు.

రొట్టె, ఆటలు అన్నది జువెనల్ అనే కవి కోపంతో అన్న మాట. జనం తమ గురించి చెప్పుకున్నది కాదు. లక్షమందికి పైగా పట్టే రథాల మైదానంలో పాలకుడు ఎదురుగా కూర్చునేవాడు, జనం తమ గోడు అక్కడే అరిచేవాళ్లు. క్రీ.శ. 190లో ధాన్యం కరువొచ్చినప్పుడు పందేల మధ్యలో లేచి, చక్రవర్తి కొమొడస్ నమ్మిన మంత్రి క్లియాండర్ మీద తిరగబడ్డారు. కొమొడస్ భయపడి ఆ మంత్రినే చంపించాడు. అంతకుముందు 51లో చక్రవర్తి క్లాడియస్‌ను ఫోరం అనే ఊరి కూడలి నడిబొడ్డున చుట్టుముట్టి తిట్టిపోస్తూ రొట్టె ముక్కలు విసిరారు. ఆయన దొడ్డిదారిన ప్యాలెస్‌లోకి పారిపోయాడు. రొట్టె పడేస్తే ఊరుకునే జనం చేసే పనేనా ఇది?

చివరిది నీరో ఫిడేలు. మనం రోజూ వాడే సామెత కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి. ఫిడేలు పుట్టింది 16వ శతాబ్దంలో, నీరో వాయించింది లైర్ లాంటి తంత్రీవాద్యం. 64 జూలైలో నిప్పంటుకున్నప్పుడు అతను రోమ్‌లో లేడు, ఆంటియం అనే సముద్రతీరపు ఊళ్లో ఉన్నాడు. తిరిగొచ్చి ఇళ్లు పోయినవాళ్లకు తన తోటలు తెరిచాడు, ధాన్యం ధర తగ్గించాడు. అయినా పేరు రాలేదు. ఎందుకంటే ఊరు కాలుతుంటే ఇంట్లో వేదికెక్కి పాత గ్రీకు కథల్లో కాలిపోయిన ట్రాయ్ నగరం నాశనం గురించి పాడాడని అప్పటికే పుకారు పాకిపోయిందని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. చూడండి, ఎవరూ నోరెత్తలేదనడానికి ఈ మెసేజ్ చూపించే సాక్ష్యమే ఆ జనం నోటి మాట! దాదాపు రెండు వేల ఏళ్లు ప్రయాణించి మన నోటికి కూడా చేరింది.

అక్కడితో ఆగలేదు. కాలిపోయిన చోట నీరో బంగారు భవనం కడుతుంటే, "రోమ్ మొత్తం ఒక్క ఇల్లైపోతోంది, వేయీ ఊరికి వలస పోండి, ఆ ఇల్లు వేయీ దాకా రాకపోతే" అన్న పద్యం ఊరంతా తిరిగింది. వేయీ రోమ్ పక్కనే ఉన్న పాత ఊరు. గ్రీకులో అక్షరాలే అంకెలు. ఆ లెక్కన నీరో పేరు కూడితే 1005. "సొంత తల్లిని చంపాడు" అన్న మాట కూడినా 1005. లెక్క చూసుకోండి అంటూ దాన్నీ చాటారు. పాంపే అనే ఊళ్లో గోడ మీద గీకిన ఒక రాత దొరికింది. చాలామంది దాన్ని "నీరో ఖజానా లెక్కలు చూసేది విషం" అని చదువుతారు.

68 జూన్‌లో నీరో చనిపోయాడు. విడుదలైన బానిసలు పెట్టుకునే టోపీలు పెట్టుకుని జనం వీధుల్లో పరుగులు తీశారు. అదే ఊళ్లో ఇంకొందరు, చాలాకాలం పాటు, వసంతంలోనూ వేసవిలోనూ అతని సమాధి మీద పూలు పెట్టి వచ్చేవాళ్లు.