దాక్కుని తీయడమే తప్పు

విజయనగరం గంటస్తంభం దగ్గరో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనో జనాన్ని ఫొటో తీద్దామని కెమెరా బయటికి తీస్తే చాలు, 'అడిగే తీస్తున్నావా?' అని ఎవరో ఒకరు నిలదీస్తారు. భయం న్యాయమైనదే, ప్రశ్నే గురి తప్పింది. అడగకుండా తీయడంలో తప్పు లేదు. కనబడకుండా తీయడంలో ఉంది.

పూలమ్మే ఆమెను చూడండి. దండ కొసను వేళ్ల మధ్య పట్టుకుని మోచేతి దాకా లాగి మూర కొలుస్తుంది. అప్పుడు ఆమె చూపు పూల మీద ఉండదు, కొనేవారి ముఖం మీద ఉంటుంది: బేరమాడతారా, ఇంకో మూర తీసుకుంటారా అని. 'అమ్మా, ఒక్క ఫొటో' అన్నామో, దండ బుట్టలోకి పోతుంది, కొంగు భుజం మీదకొస్తుంది, చేతులు ఒడిలో చేరతాయి. ఆమె ముఖం దొరుకుతుంది గానీ ఆ కొలత, ఆ చూపు పోతాయి.

రోడ్డు అవతల నిలబడి, దూరాన్ని దగ్గర చేసే 200 మి.మీ. లెన్స్‌తో తీసేవాడు ఎవరినీ ఇబ్బంది పెట్టడు కాబట్టి మర్యాదస్తుడిలా కనిపిస్తాడు. అసలు పొంచి చూసేది అతనే. తీసినట్టే తెలియని మనిషి వద్దనేదెలా? వెడల్పుగా చూసే 35 మి.మీ. లెన్స్ వాడేవాడు మూడు మీటర్లలోకి రావాల్సిందే. అక్కడ అతనూ అందరికీ కనిపిస్తాడు, తిట్టినా పడాలి, తీసేయమంటే అక్కడే తీసేయాలి. వీధి ఫొటోగ్రఫీకి మొదటి నీతి నియమం ఇదే.

అంత దగ్గర్లో ఆటోఫోకస్‌ను నమ్ముకుంటే పని చెడుతుంది. రద్దీలో అది అడ్డొచ్చిన సైకిల్ హ్యాండిల్‌నో, వెనక వేలాడే అరటి గెలనో పట్టుకుంటుంది. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ముక్కంత సెన్సర్ ఉన్న) కెమెరాలో 35 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8లో (కాంతి వచ్చే రంధ్రం చిన్నదిగా) ఉంచి, మాన్యువల్ ఫోకస్‌ను 3 మీటర్ల దగ్గర ఆపేస్తే సుమారు 1.9 నుంచి 7.3 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. ఇక ఫోకస్ రింగు ముట్టుకోకుండా ముందుకో వెనక్కో అడుగేస్తే సరి. నడిచేవారికి షట్టర్ 1/250 సెకను చాలు, మూర కొలిచే చెయ్యి చెదరకుండా రావాలంటే 1/500 పెట్టాలి. ఐఎస్‌ఓను, అంటే కాంతికి సెన్సర్ స్పందించే స్థాయిని, ఆటోలో వదిలి గరిష్ఠంగా 6400కి పరిమితం చేయాలి. ఎండలో ఖద్దరు చొక్కా తెల్లటి మచ్చలా మారి నేత కూడా మిగలదు, ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుతురు) 2/3 స్టాప్ తగ్గించుకోవాలి. నీలం పట్టా కింద కూర్చున్నవారి ముఖాలు నీలంగా వస్తాయి కాబట్టి తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలిచ్చే రా (RAW) ఫైల్ తప్పనిసరి. ఫోన్‌తో తీసేవారు పోర్ట్రెయిట్ మోడ్ ఆపేయాలి, అది దండ అంచుల్ని కూడా నేపథ్యం అనుకుని చెరిపేస్తుంది.

ఫొటో ఇంటర్నెట్‌కెక్కితే ఆడవాళ్ల గతేమిటన్నది గట్టి అభ్యంతరమే. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. అందుకే తీయడం వేరు, పదిమందిలో పెట్టడం వేరు. పిల్లలు, స్నానఘట్టాలు, ఆస్పత్రి గుమ్మాల జోలికి పోకూడదు. వద్దంటే వాళ్ల కళ్ల ముందే డిలీట్ చేయాలి, ఫోన్ చెత్తబుట్టలోంచి కూడా.

ఇంతగా వాదించడానికి కారణం వేరే ఉంది. ఉత్తరాంధ్ర మీదికి కెమెరాలు వాలేది రెండిటికే: సిరిమానుకీ, తుపానుకీ. దసరా వెళ్లిన మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవం, లేదంటే 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ. పడిపోయిన కొబ్బరిచెట్ల ఫొటోలు కావలసినన్ని దొరుకుతాయి. నాగావళి వంతెన మీద సాయంత్రం ఇంటికి పోయే సైకిళ్లవి, పలాస స్టేషన్లో సంచుల మీద కూర్చుని రైలు కోసం చూసే వలస కూలీలవి ఎన్ని? ఏమీ జరగని రోజుల్లోనే మన జనం బతుకంతా ఉంది. వాటిని తీసేది ఇక్కడివాళ్లే, బయటివాళ్లు అందుకోసం రారు.

తీసినవి వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపి వదిలేస్తే కుదించుకుపోతాయి. అసలు ఫైళ్లు రెండు చోట్ల దాచాలి, వివరం రాయాలి. 'మార్కెట్ దృశ్యం' అంటే చాలదు. ఏ వీధి, ఏ వారం, ఎన్ని గంటలు, ఆ పూట మూర మల్లెలు ఎంత అన్నది కూడా రాయాలి.