చేత్తో గీసిందే అనిమే అనే మాట నిజం కాదు

అనిమే, అంటే జపాన్ యానిమేషన్. దాని అభిమానుల గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: పాత జపాన్ అనిమేలో ప్రతి బొమ్మా చేత్తో గీసిందే. కంప్యూటర్ గ్రాఫిక్స్, అంటే సీజీ, వచ్చాక స్టూడియోలు డబ్బు మిగుల్చుకోవడానికి బద్ధకం నేర్చుకున్నాయి. జిబ్లీ స్టూడియో దర్శకుడు హయావో మియాజాకీ అంతటివాడే దాన్ని ప్రాణానికి అవమానం అన్నాడు. రుజువుగా ఒక వీడియో ముక్క కూడా జత చేశారు.

నేను హైదరాబాద్‌లో త్రీడీ పాత్రలకు రిగ్గింగ్ చేస్తాను, అంటే అవి కదలడానికి లోపల ఎముకల గూడు అమరుస్తాను. చిన్నప్పటి నుంచీ అనిమే అంటే ప్రాణం. అందుకే ఆ మెసేజ్ చూసి ఊరుకోలేకపోయాను. సీజీ మీద వాళ్లు అనే ఒక్కో మాటకూ ఇక్కడ జవాబు చెబుతున్నాను.

"పాత అనిమేలో కంప్యూటర్ ఊసే లేదు."

దీనికి వాళ్లు చూపిన సినిమా 'అకీరా'. 1988లో వచ్చిన ఆ సినిమా కోసం దాదాపు 1,60,000 సెల్స్ మీద, అంటే పారదర్శక ప్లాస్టిక్ రేకుల మీద, బొమ్మలు వేశారు. అది నిజంగా గొప్ప చేతిపని, ఎవరూ కాదనరు. కానీ అందులో ల్యాబ్‌లో డాక్టర్ చూసే ఆ మెలికలు తిరిగే వెలుగుల నమూనా కంప్యూటర్‌తో చేసిందే. ఇంకో ఐదేళ్లు వెనక్కి వెళ్తే, 1983 నాటి 'గోల్గో 13' సినిమాలో హెలికాప్టర్ల దాడి ఉంది. అదీ సీజీయే. ఇప్పుడు చూస్తే మొరటుగా ఉంటుంది, పక్క సీన్లతో అస్సలు కలవదు. అయినా అప్పటికే ప్రయత్నం మొదలైందన్నది వాస్తవం. 1998లో 'ఇనిషియల్ డి' సీరియల్ వచ్చేనాటికి కొండ మలుపుల్లో దూసుకెళ్లే కార్లన్నీ త్రీడీలోకి వచ్చేశాయి.

"మియాజాకీ సీజీని అవమానం అన్నాడు."

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే. ఆ వీడియో 2016లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే చూపిన డాక్యుమెంటరీలోది. అందులో ఒక బృందం తమ ప్రయోగాన్ని ఆయనకు చూపిస్తుంది. కృత్రిమ మేధతో నడక నేర్చుకున్న ఒక శరీరం తలనే కాలులా వాడుకుంటూ నేలమీద పాకుతుంది. జాంబీల వీడియో గేముల్లో పనికొస్తుందని వాళ్లు చెబుతారు. చేయి కదపడమే కష్టమైన తన మిత్రుడొకరు గుర్తొచ్చారని, నొప్పి అంటే తెలియనివాళ్లు చేసిన పని ఇదని, ఇది ప్రాణానికే అవమానంగా అనిపిస్తోందని మియాజాకీ అన్నారు. ఆయన కోపం యంత్రం తనంతట తాను నేర్చుకుని పుట్టించిన ఆ కదలిక మీద. మనుషులు కూర్చుని చేసే సీజీ గురించి ఆయన అక్కడ మాట్లాడలేదు.

పైగా అదే డాక్యుమెంటరీలో ఆయన చేస్తున్న పని ఏమిటి? ఒక చిన్న గొంగళిపురుగు కథను సీజీ కళాకారులతో కలిసి తీస్తున్నారు. 'బోరో' అనే ఆ పొట్టి చిత్రాన్ని 2018లో జిబ్లీ మ్యూజియంలో ప్రదర్శించడం మొదలుపెట్టారు. మెసేజ్ తయారుచేసినవాళ్లు ఆ ఒక్క ముక్కను కత్తిరించి, చుట్టూ ఉన్న కథంతా వదిలేశారు.

ఆయనకు సీజీ కొత్తా కాదు. 1997లో వచ్చిన 'ప్రిన్సెస్ మోనోనొకే'లో సుమారు 5 నిమిషాలు సీజీ ఉంది. మొదట్లో శాపగ్రస్తమైన అడవిపంది ఒంటినిండా నల్లటి పురుగులు తాళ్లలా మెలికలు తిరుగుతాయే, వాటిలో కొన్ని కంప్యూటర్‌తో చేసినవి. చేత్తో గీసిన సెల్స్‌లో కలిసిపోయేలా వాటికి రంగు, నీడ అద్దారు. 2008లో 'పోన్యో'కి మాత్రం సీజీ వద్దనుకుని దాదాపు 1,70,000 బొమ్మలు చేత్తోనే గీయించారు. ఆ సముద్రానికి పెన్సిలే సరైనదని ఆయనకు అనిపించింది. కథను బట్టి పనిముట్టు ఎంచుకోవడమంటే ఇదే.

"సీజీలో అంతా కంప్యూటరే చేసేస్తుంది."

రోజంతా ఆ పనే చేసేవాళ్లను అడగండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టీవీ అనిమేలో సాధారణంగా ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకు 8 బొమ్మలు. మన కళ్లకు అనిమే లయగా అలవాటైంది ఆ చిన్న తడబాటే. కంప్యూటర్‌ను దాని మానాన వదిలేస్తే 24 ఫ్రేములూ నింపేస్తుంది, పాత్ర నూనె రాసినట్టు జారిపోతుంది. అందుకే యానిమేటర్ కూర్చుని, ఏ భంగిమ ఎంతసేపు నిలవాలో చూసుకుంటూ ఫ్రేములు తీసేస్తాడు. ముఖం సంగతి ఇంకా కష్టం. అనిమే ముక్కు పక్కనుంచి ఒకలా, ముందు నుంచి ఇంకోలా గీస్తారు. త్రీడీ ముఖానికి ఆ వీలు లేదు. కాబట్టి కెమెరా తిరిగినప్పుడల్లా ముక్కు, గడ్డం, జుట్టు చేత్తో సర్దాలి. 'ది ఫస్ట్ స్లామ్ డంక్'లో బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల కదలికలు మోషన్ క్యాప్చర్‌తో, అంటే నిజం మనుషుల కదలికల్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, తీసుకున్నా, దర్శకుడు తాకెహికో ఇనొవే ఆ ముఖాల మీద తన గీతలతో దిద్దుబాట్లు చేస్తూనే వచ్చారు. 2023లో దానికి జపాన్ అకాడమీ ఉత్తమ యానిమేషన్ బహుమతి వచ్చింది.

"చవక కాబట్టే వాడతారు."

ఒక్క షాట్ కూడా తీయకముందే మోడల్ కట్టాలి, ఎముకల గూడు అమర్చాలి, రంగులు వేయాలి. రెండు సీన్లలో కనిపించి పోయే పాత్రకు ఇదంతా దండగ, గీయడమే తేలిక. వందలసార్లు కనిపించే రోబోకో, కారుకో, జనసమూహానికో మాత్రం గిట్టుబాటవుతుంది.

"సీజీ ఉంటే చూడటానికే బాగుండదు."

2016లో సీజీతో వచ్చిన 'బెర్సెర్క్' సీరియల్ నాకూ నచ్చలేదు. పాత్రలకు బరువు లేదు, కత్తి దెబ్బకు అదురు లేదు. దాన్ని వెనకేసుకురాను. కానీ మరుసటి ఏడే ఆరెంజ్ స్టూడియో 'ల్యాండ్ ఆఫ్ ది లస్ట్రస్' సీరియల్‌ను సీజీలో చేసింది. అందులో పాత్రలు రత్నాలు. వాళ్ల జుట్టులోంచి వెలుగు చొచ్చుకెళ్లి విరుగుతుంది, తల తిప్పితే మెరుపు మారుతుంది. ఆ మెరుపును ప్రతి బొమ్మలోనూ చేత్తో పట్టుకోవాలంటే ఓ టీవీ సీరియల్‌కు ఉండే గడువు సరిపోదు.

2013 'అటాక్ ఆన్ టైటన్'లో సైనికులు ఇళ్ల మధ్య ఎగిరే షాట్లు గుర్తున్నాయా? వీధులు త్రీడీలో కట్టి, వాటి ముందు మనుషుల్ని చేత్తో గీశారు. ఆ రెండూ కలిస్తేనే మన కడుపులో ఆ గుబులు పుట్టింది. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకూ వచ్చింది. గదులు తలకిందులై, మెట్లు గాల్లో తిరుగుతూ, కోట అంతూపొంతూ లేకుండా విచ్చుకునే సీన్‌కు మా హాల్లో ఈలలు ఆగలేదు. ఆ కోట మొత్తం త్రీడీయే.